తెరమీది విద్య

2020 మార్చిలో కరోనా మహమ్మారి దేశమందలి కళాశాలల తలుపులన్నియు మూయించినది. ఏప్రిలు మాసాంతమునకు రాష్ట్రమున రోగుల సంఖ్యలో అగ్రస్థానము కర్నూలు జిల్లాదే. నంద్యాల నాడు ఆ జిల్లాలోని పట్టణము. అట్టి సమయమున అధ్యాపకుడు తన యింట గూర్చుండి సెల్‌ఫోనులో పాఠము చెప్పుటను మేము తప్పుపట్టుట లేదు. ఇల్లు తగులబడునప్పుడు చేతికందిన కుండతో నీళ్లు పోయవలసినదే. ఆ కుండను చూపి ఇదియే చెరువనువారితోనే మా వివాదము.

పాఠములన్నియు అందినవని లెక్కలు వ్రాసికొన్నవారిని ఒక్కమాట యడుగుచున్నాము: ఎవరి కందినవి? 2017-18 నాటి జాతీయ నమూనా సర్వే ననుసరించి దేశమున ఇంట అంతర్జాల సౌకర్యము గల కుటుంబములు పట్టణములలో నూటికి 42, గ్రామములలో 15కు లోపు. కంప్యూటరు గల గ్రామ కుటుంబములు నూటికి అయిదైనను లేవు. ఈ లెక్క ప్రభుత్వమువారిదే గదా! ఇంటి కొక్క ఫోను. అన్నకు పది గంటలకు పాఠము, చెల్లెలికిని పది గంటలకే. అప్పుడు ఫోను ఎవరి చేతికి పోవునో, పొయ్యి కడకు ఎవరు పోవుదురో మన పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆళ్లగడ్డ శిల్పుల నడుగుడు. ఉలి పట్టుట తెరపై నేర్పవచ్చునన్న వారు నవ్విపోదురు. రాతిపనికున్న పాటి మర్యాద రసాయనశాస్త్రమునకు లేకపోయెనా? మహానందిలో వ్యవసాయశాస్త్రము చదువు బాలుడు నల్లరేగడి చేలో దిగక పైరు తెగులు నెట్లు గుర్తించును?

దూరవిద్య తెలుగువారికి క్రొత్తదియు గాదు. దేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదుననే వెలసినది. అది విద్యార్థికి అచ్చుపుస్తక మిచ్చెను, అధ్యయన కేంద్రము చూపెను. 2020లోనో, పరికరమును, కనెక్షనును నీవే కొనుక్కొమ్మనిరి. పాఠము చేరినదా యని విచారింపనివారు పరీక్షకు మాత్రము గడువు పెట్టిరి: కడపటి సంవత్సరపు పరీక్షలు సెప్టెంబరులోగా ముగియవలెనని జులై 6న యూజీసీ యాజ్ఞ; పరీక్ష లేనిదే పట్టము లేదని ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పు.

ఆపద గడచినది. ఆపద్ధర్మము మాత్రము గడవలేదు. ఒక సెమిస్టరు చదువులో నూటికి 40 పాళ్ల వఱకు ‘స్వయం’ పాఠములు గైకొనవచ్చునని 2021లో యూజీసీ యనుమతించినది. మంచి పాఠము ఎచటినుండి వచ్చినను స్వాగతమే. కాని యీ యనుమతి ఖాళీ యుద్యోగములు నింపకుండుటకు సాకు గాగూడదు. నంద్యాల 2022 ఏప్రిలు 4న జిల్లాకేంద్ర మైనది, కచేరీలు వచ్చినవి. గ్రంథాలయముల మాట యేమి? నంద్యాలలోను, ఆళ్లగడ్డలోను, ప్రతి మండలములోను పఠనమందిరమున పది కంప్యూటర్లు, తెగని కనెక్షను, రాత్రి తొమ్మిదింటి వఱకు దీపము, ఆడపిల్లలు నిర్భయముగ కూర్చుండు చోటు ఏర్పఱచి, పిమ్మట ఆ నలువది పాళ్ల మాట యెత్తుడు.