చేపలతొట్టికి మనము చేసికొను దీపము

ఈ దినములలో మచిలీపట్టణమునను, గుడివాడలోను మధ్యతరగతి గృహములందు గాజు చేపలతొట్టి సామాన్యవస్తువైనది. తొట్టి వచ్చిన వారమునకు పిల్లలు దానికి మంచి దీపము కావలెనని యడుగుదురు. తండ్రి యంగడికి పోయి నీలము, ఎఱుపు, ఆకుపచ్చ కాంతులను మార్చి మార్చి చూపు దీపమొకటి తెచ్చును. ఇంటికి వచ్చిన చుట్టములు చూచి మెచ్చుకొందురు. నెల తిరుగకమున్నే గాజుపై పచ్చని పాకుడు పట్టి చేపలు కానరాకపోవును. కొన్ని గృహములలో ఆ మీదట తొట్టి అటక యెక్కును. ఈ దీపమును కొనవద్దనియు, పిల్లలచేతనే చేయింపవలెననియు, ఆ పనిలో తలిదండ్రులు ఒక్క విషయమున మాత్రము కఠినముగా నుండి తక్కినది వారికి విడువవలెననియు నా యభిప్రాయము.

ముందుగా భయమును గూర్చి చెప్పెదను. ఒక విద్యార్థి తండ్రి నన్ను వీధిలో నాపి, “మాస్టారూ, నీళ్లూ కరెంటూ ఒక్కచోట పెట్టి పిల్లవాణ్ణి వదిలెయ్యమంటారా?” అని యడిగిరి. ఆ భయము నిర్హేతుకము కాదు. చేపల చెఱువులకడ ఏరియేటర్లకు వేసిన తీగలు తగిలి ప్రాణములు పోయిన వార్తలు మన ప్రాంతమువారు విననివి కావు. అయితే భయపడదగినది యేదియో తెలిసికొని మఱి భయపడవలెను. గోడలోని విద్యుత్తు 230 వోల్టులు. ఎల్.ఇ.డి. పట్టీకి వలసినది 12 వోల్టులే. ఈ రెంటికిని నడుమ సరిహద్దు అడాప్టరు. దానికి ఇవతలి పని పిల్లలది. అవతలి పని ఎన్నటికిని పిల్లలది కాదు. నేను కఠినముగా నుండుడనినది ఇచ్చటనే. బి.ఐ.ఎస్. నమోదుముద్రగల, మూసివేయబడిన అడాప్టరునే కొనవలెను, దానిని విప్పరాదు. తొట్టిపైన గాక ప్రక్కగోడకు, నీటిచుక్క పడనిచోట దానిని తగిలింపవలెను. దీపమునుండి వచ్చు తీగ ప్లగ్గు కంటె క్రిందికి వ్రేలాడి మరల పైకి పోవునట్లు విడువవలెను. తీగవెంట జారు నీరు ఆ వంపుననే రాలిపోవును గాని ప్లగ్గు చేరదు. ఇంటి మెయిను పెట్టెలో 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. లేనియెడల, దీపమునకు ముందు దానిని పెట్టించుడు. తొట్టిలో చేయి పెట్టునపుడెల్ల అన్ని స్విచ్చులును కట్టవలెను.

ఇక చేయు పని. రెండడుగుల తొట్టిని తీసికొందము. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 నీటిలోతు అనుకొన్నచో 54 లీటర్ల నీరు. దీనికి మీటరు పొడవుగల తెల్లని పట్టీ చాలును. మీటరుకు 60 దీపబిందువులుండు రకమున ప్రతి మూడు బిందువులకొకచోట కత్తిరింపు గుర్తుండును. ఆ గుర్తు మూడింటికే యేల వచ్చినదని పిల్లవానిని అడిగి చూడుడు. ఒక్కొక్క బిందువు సుమారు 3 వోల్టులు తీసికొనును. మూడు వరుసగా నున్నచో 9. మిగిలిన 3 వోల్టులను ప్రక్కనున్న నిరోధకము భరించును. పదవతరగతిలో నల్లబల్లపై వ్రాసి చెరిపివేయు ఓమ్ నియమము ఇచ్చట వ్రేలితో తాకి చూపదగినదై యున్నది. అట్టి పట్టీ మీటరుకు 14.4 వాట్లు తీసికొనునేని, 12 చేత భాగింపగా 1.2 ఆంపియర్లు, కావున 2 ఆంపియర్ల అడాప్టరు తేవలెను. దినమునకు ఎనిమిది గంటలు వెలిగించినను యూనిట్టు ఖర్చగుటకు సుమారు తొమ్మిది దినములు పట్టును. ఈ లెక్క వేసినవాడు కరెంటు బిల్లును చూచు చూపే వేఱు.

పట్టీని రెండు సమభాగములు చేసి, అల్యూమినియపు గాడిలో అంటించి, తొట్టిపైనున్న గాజుపలకమీద నుంచవలెను. బిందువు ముందుకు వెలుగు నిచ్చును గాని వేడి వెనుకకు పోవును. ఆ వేడిని లోహము లాగికొననిచో దీపము ఆయుస్సు తగ్గును. వెనుకటి తంతిబల్బుల వలె ఇది నీటిని కాచదు. మన యెండకాలమున ఇది చిన్న మేలు కాదు. ఏలయనగా 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండగలిగిన, 30 డిగ్రీల నీటిలో ఏడున్నర మాత్రమే నిలుచును.

బందరువారికిని, దివిసీమలో నాగాయలంక, కోడూరు దిక్కులవారికిని ఒక మాట. మన గాలిలో ఉప్పు కలదు. టంకము వేసిన అతుకును బయట విడిచినచో త్వరలోనే పచ్చని చిలుము పట్టును. అతుకులన్నింటిని సిలికాను జిగురుతో కప్పి, ఒక పగలు ఒక రాత్రి ఆరనిచ్చి, పిదపనే వెలిగింపుడు. లోతట్టు ఊళ్లవారు ఈ మాటను లక్ష్యపెట్టకపోయినను కొంతకాలము సాగును, తీరమున సాగదు.

ఈ దీప మెవరికొఱకు? చూచువారికొఱకని అంగడివారి సిద్ధాంతము. నా మతమున ఇది నాచుకొఱకు. బందరు కాలువలో విరివిగా పెరుగుచు, మన పాఠ్యపుస్తకములలో హైడ్రిల్లా యను పేరుతో నుండు మొక్కను నాలుగు రెమ్మలు తెచ్చి, బాగుగ కడిగి తొట్టిలో నాటుడు. దీపము వెలిగిన కొంతసేపటికి ఆకులనుండి సన్నని బుడగలు వరుసగట్టి పైకి లేచును. 1779లో ఇంగెన్‌హౌజ్ అను వైద్యుడు నీటిలో నుంచిన ఆకులయందు ఈ బుడగలనే చూచి, మొక్కలు గాలిని శుద్ధిచేయుటకు వెలుగు కావలెనని లోకమునకు చాటెను. 1853లో లండను జంతుశాలలో ప్రజలు చూచుటకై చేపల గృహము తెరువబడినప్పుడు దానికి మూలపురుషుడైన ఫిలిప్ హెన్రీ గాస్ కూడ నీటిమొక్క, జలజంతువు ఒకదాని నొకటి పోషించునను సూత్రమునే నమ్మెను. ఆయన చేరిన సహోదరుల సంఘమువారే మన ప్రక్కనున్న గోదావరి మండలమున నరసాపురము కేంద్రముగా సువార్తసేవ చేసిరి గనుక, ఆ పేరు మనకు మఱీ దూరపుది కాదు.

నాచునకు నీలి దీపము ప్రత్యేకముగా కొననక్కఱలేదు. 1962లో నిక్ హోలన్యాక్ ఎఱ్ఱని ఎల్.ఇ.డి.ని వెలిగించిన పిదప, ప్రకాశవంతమైన నీలమునకు దాదాపు ముప్పది యేండ్లు పట్టినది. దానిని సాధించిన అకసాకి, అమానో, నకమురా అను మువ్వురు 2014లో నోబెల్ బహుమానము పొందిరి. నేటి తెల్లని పట్టీ యనగా ఆ నీలి బిందువుపై పసుపు పూతయే. కావున పెట్టెపై 6500 కెల్విన్ అని యున్న తెలుపులో నాచునకు వలసిన నీలమును, కొంత యెఱుపును ముందే కలవు.

వెలుగు ఎంతసేపు? మొదట ఆఱు గంటలు. నాచు నిలద్రొక్కుకొన్న పిదప ఎనిమిది. అంతకు మించిన వెలుగును, తినక మిగిలిన మేతయును కలిసి పాకుడును పెంచును. పాకుడు కనిపించిన వెంటనే మందు కొనుటకు పరుగెత్తక, గంటసేపు వెలుగు తగ్గించి, మేత సగము చేసి, కిటికీ యెండ తగులకుండ తొట్టిని జరిపి చూడుడు.

రాత్రి యను దానిని మనము మఱచుచున్నాము. చేపలకు కనురెప్పలు లేవు. వెలుగు వద్దనుకొన్నను కన్నుమూయజాలవు. ఆదికాండపు మొదటి యధ్యాయమున దేవుడు వెలుగును చీకటిని వేఱుపఱచి రెంటికిని పేరిడెనని చదువుదుము. మన తొట్లలో చేపలకు రెండవది దొరకుట లేదు. అర్ధరాత్రివఱకు నీలికాంతి వెలిగించి, అతిథి పోవగానే ఒక్కసారిగా ఆర్పివేయుట నాకు క్రూరముగా తోచును. గదిలో దీపముండగానే తొట్టిదీపము నార్పి, కొంతసేపటికి గదిదీపము నార్పినచో అవి బెదరవు. చౌకగా దొరకు టైమరుచే ఈ క్రమము తప్పక నడచును.

రాత్రి యందలి చిక్కును కూడ చెప్పవలెను. నందివాడ వైపు చెఱువులున్న కుటుంబముల పిల్లలకు ఇది నాకంటె బాగుగ తెలియును: తెల్లవాఱుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచును. పగలు ప్రాణవాయువు నిచ్చిన పచ్చదనమే రాత్రి దానిని తాను పీల్చుకొనును. నాచు మిక్కుటముగా పెంచిన తొట్టిలోను అంతే. కావున దీపమెంత చక్కగా కుదిరినను, రాత్రి గాలిపంపు నాపరాదు.

తుపాను దినములలో కరెంటు పోయినప్పుడు, ఈ పట్టీ 12 వోల్టుల బ్యాటరీపై కూడ వెలుగునని పిల్లలు కనిపెట్టి సంతోషింతురు. ఆ బ్యాటరీని పట్టీకి తగిలింపనీయకుడు. చీకటిలో రెండు మూడు దినములు చేపలును నాచును సహించును. గాలి లేనిదే సహింపవు. 12 వోల్టుల గాలిపంపు ఒకటి ముందుగానే తెచ్చి యుంచి, బ్యాటరీని దానికి తగిలింపుడు.