చూసినందుకు కూడా డబ్బులా?

మా నాన్న దగ్గర 1998 మోడల్ మారుతి 800 ఉంది. కార్బురేటర్ బండి. 2014లో ఆ మోడల్ తయారీయే ఆగిపోయింది కానీ, మా ఇంట్లో మాత్రం పెద్దకొడుకు హోదా దానిదే (నేను రెండోవాణ్ణి). ఆర్నెల్లుగా దానికో రోగం. రోడ్డు మీద బాగానే పరిగెడుతుంది, సిగ్నల్ దగ్గర ఆపితే మాత్రం చలిజ్వరం వచ్చినట్టు వణికి వణికి ఆగిపోతుంది. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర అలాగే ఆగిపోయి, వెనక బస్సువాడు హారన్ మోత మోగిస్తుంటే అమ్మ ఏడ్చినంత పని చేసిందట. ఇంటికి రాగానే తీర్మానం - "అమ్మేస్తారా, నన్ను ఆటోలో వెళ్ళమంటారా?"

నాన్న మెకానిక్ దగ్గరికి నాలుగుసార్లు తిరిగారు. ముందు ప్లగ్గులు మార్చాడు. తర్వాత ప్లగ్గు వైర్లు. ఆ తర్వాత ఫ్యూయల్ ఫిల్టరు. నాలుగోసారి కార్బురేటర్ విప్పి కడిగి, ఐడిల్ స్క్రూ బిగించి పంపించాడు. ఓ వారం ఆగలేదు. టైమవుట్ ఎర్రర్ వస్తే టైమవుట్ విలువ పెంచేసి టికెట్ మూసేసే మహానుభావులు మా ఆఫీసులోనూ ఉన్నారు లెండి :) మొత్తం 9,400 రూపాయలు. ఇక కొత్త కార్బురేటరే వెయ్యాలన్నాడు. కాలనీ పెద్దలేమో అంతా 20 శాతం ఇథనాల్ పెట్రోలు మహిమేనని తేల్చేశారు.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు బండిలో నాన్న పక్కన కూర్చున్నా. వణుకు మొదలవగానే ఆయన చెయ్యి అలవాటుగా చోక్ మీదకి వెళ్ళింది. కొంచెం లాగారు. వణుకు తగ్గిపోయింది!

"ఇదెప్పట్నుంచి నాన్నా?"

"ఆర్నెల్ల బట్టీ ఇంతేరా."

"మెకానిక్‌కి చెప్పలేదా?"

"అతనడగలేదుగా!"

కొంపలంటుకున్నా లాగ్ ఫైలు ఎవరూ తెరవలేదన్నమాట.

చోక్ లాగితే ఇంజన్‌లోకి గాలి తగ్గి, పెట్రోలు పాలు పెరుగుతుంది. మామూలు పెట్రోలు సరిగ్గా మండాలంటే బరువులో సుమారు 14.7 పాళ్ళ గాలికి 1 పాలు పెట్రోలు కావాలి. చోక్‌తో బండి కుదుటపడిందంటే గాలి ఎక్కువైందనో, పెట్రోలు తక్కువైందనో అర్థం. కార్బురేటర్ అప్పటికే కడిగించాం కాబట్టి నా అనుమానం గాలి మీదకే పోయింది. ఐడిల్‌లో థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది, ఇంజన్ పీల్చేదే కాస్త గాలి. అప్పుడు చిన్న పగులులోంచి దూరే గాలి కూడా పెద్ద లెక్కే. వేగంగా వెళ్ళేటప్పుడు అదే పగులు లెక్కలోకి రాదు. ఇథనాల్ వాదన పూర్తిగా కొట్టిపారేసేది కాదు, దాన్లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి కార్బురేటర్ బండిలో మిశ్రమం ఇంకాస్త పలచబడుతుంది. కానీ అదొక్కటే అయితే మిగతా పాత బండ్లూ సిగ్నళ్ళ దగ్గర ఆగిపోవాలి కదా?

మర్నాడు ఆ మెకానిక్ దగ్గరికే వెళ్ళి చోక్ సంగతి చెప్పా. "అయ్యో, ముందే చెప్పొద్దా సార్!" అన్నాడు. ఇంజన్ ఆన్‌లో ఉంచి, కార్బురేటర్ క్లీనర్ గొట్టాల మీద కొద్దికొద్దిగా స్ప్రే చేస్తూ పోయాడు (వేడి ఇంజన్ మీద అది అంటుకునే సరుకు, ఇంట్లో ప్రయోగాలు చెయ్యకండి). మానిఫోల్డ్‌కి తగిలించిన ఓ రబ్బరు వాక్యూమ్ గొట్టం మీద పడగానే ఇంజన్ శబ్దం మారింది. కింది వంపులో, పైకి కనపడకుండా పగిలింది. అన్నేళ్ళ రబ్బరు, కారుని అనడానికేం లేదు. పది నిమిషాల పని. గొట్టం, కూలీ కలిపి 120 రూపాయలు. బిగించిన ఐడిల్ స్క్రూ మళ్ళీ వదులు చేశాడు.

అంటే అతనికి పని రాక కాదు. ఆలోచించినందుకు మనం పైసా ఇవ్వం, సామాను మారిస్తే మాత్రం బిల్లు చూసి కిమ్మనకుండా కడతాం. మరి అతను సామానే మారుస్తాడు. నేను మూడ్రోజులు బగ్ వెతికి ఒక్క లైను మారిస్తే, ఆ మూడ్రోజుల జీతం ఎవరూ కోయరు. అతనికా సదుపాయం లేదు.

అందుకే 120కి బదులు 500 ఇచ్చి, మిగతాది చూసినందుకు అన్నా. ఇంటిదాకా నాన్న ఒకటే సణుగుడు - "ఊరికే చూసినందుకు 380 ఏంట్రా?"

9,400 గురించి మాత్రం ఒక్క మాట అనలేదు.