అప్పుకు అంటగట్టిన బీమా, తిరిగి రావలసిన సొమ్ము

అప్పు తీసుకున్న మనిషి గడువు తీరకముందే చనిపోతే మిగిలిన బాకీని బీమా సంస్థ కట్టే ఏర్పాటును రుణ బీమా అంటారు. బ్యాంకు కాగితాల్లో ఇది క్రెడిట్ లైఫ్ అనీ, లోన్ ప్రొటెక్షన్ అనీ కనబడుతుంది. కొన్ని పాలసీలు ప్రమాదంలో అవయవం పోయినా, తీవ్రమైన జబ్బు చేసినా వర్తిస్తాయి. సంపాదించే మనిషి పోయిన ఇంటి మీద బాకీ కూడా వచ్చి పడకుండా కాపాడేది కాబట్టి ఈ ఏర్పాటును తప్పుపట్టే పని లేదు. తప్పు దాన్ని అమ్మే తీరులో ఉంది. అడగనివారికి అంటగట్టడం, అప్పు రావాలంటే ఇది తప్పనిసరి అని నమ్మించడం, ఆ పాలసీ వర్తించని మనిషి దగ్గర కూడా ప్రీమియం పట్టుకోవడం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని చిన్న రుణగ్రహీతలకు కొత్త సంగతులు కావు. అలా పట్టుకున్న సొమ్మును వడ్డీతో సహా వెనక్కి అడిగే హక్కు వారికి ఉంది. ఆ హక్కు ఉందన్న సంగతి మాత్రం వారి దాకా చేరడం లేదు.

ఈ బీమాలో ఎక్కువ భాగం గ్రూప్ పాలసీయే. ఒప్పందం బీమా సంస్థకూ అప్పిచ్చే సంస్థకూ మధ్య జరుగుతుంది. మాస్టర్ పాలసీ బ్యాంకు పేరిటో ఫైనాన్స్ కంపెనీ పేరిటో ఉంటుంది, అప్పు తీసుకున్నవారు అందులో సభ్యులు మాత్రమే. ప్రీమియం కట్టేది వారే అయినా పాలసీ షరతులు వారి కంటపడవు. సభ్యులందరికీ విడివిడిగా బీమా సర్టిఫికెట్ ఇవ్వాలన్నది నియమం. ఆ కాగితం చేతికి రాని ఇంట్లో బీమా ఉందన్న సంగతే మనిషి చనిపోయాక గానీ తెలియదు, ఒక్కోసారి అప్పుడూ తెలియదు. తెలియని బీమాకు క్లెయిమ్ వేసేవారుండరు.

మైక్రోఫైనాన్స్‌లో అమ్మకం సభ్యులంతా చేరే సెంటర్ మీటింగులోనే జరిగిపోతుంది. అప్పు మంజూరైన రోజు ప్రీమియం మినహాయించి మిగతాది ఖాతాలో వేస్తారు. తరచుగా భర్త పేరిట కూడా మరో ప్రీమియం పడుతుంది. సంతకాలు ఒకేసారి, ఒకదాని వెనుక ఒకటి పెట్టించుకుంటారు. లెక్కకోసం 60,000 రూపాయల అప్పు, 1,800 రూపాయల ప్రీమియం అనుకుంటే చేతికి వచ్చేది 58,200. వడ్డీ మాత్రం పూర్తి 60,000 మీద నడుస్తుంది. ఏడాదికి 24 శాతం తగ్గే వడ్డీ లెక్కన రెండేళ్ల కిస్తీల్లో ఆ 1,800కు దాదాపు 2,284 రూపాయలు కట్టినట్టవుతుంది. ఇంటి అప్పులో ఈ భారం మరీ పెద్దది. లక్ష రూపాయల ప్రీమియాన్ని అసలులో కలిపి 9 శాతం వడ్డీకి 20 ఏళ్లు కడితే మొత్తం 2 లక్షల 16 వేల దాకా తేలుతుంది. పైగా అప్పు 20 ఏళ్లదైతే బీమా ఐదేళ్లకో పదేళ్లకో ముగిసే పాలసీలు ఉంటాయి. బీమా అయిపోయాక కూడా దాని ప్రీమియానికి కిస్తీ కడుతున్న సంగతి ఖాతాదారు ఊహకైనా అందదు.

పంట అప్పుల్లో కథ కొంత వేరు. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో అప్పు తీసుకున్న రైతుకు బీమా 2020 ఖరీఫ్‌కు ముందు తప్పనిసరి, ఆ ఖరీఫ్ నుంచి ఐచ్ఛికం. అయితే వద్దనుకున్న రైతు గడువుకు వారం ముందే లిఖితపూర్వకంగా చెప్పాలి, చెప్పకపోతే ప్రీమియం పట్టేస్తారు. ప్రీమియం పట్టుకుని వివరాలను సరిగా నమోదు చేయని బ్యాంకు ఆ నష్టానికి తానే బాధ్యత వహించాలని ఆ పథకం మార్గదర్శకాలు చెబుతున్నాయి. తిత్లీ, హుద్‌హుద్ లాంటి తుపాన్లు చూసిన తీరంలో ఈ ఒక్క వాక్యం విలువ చాలా ఎక్కువ.

తప్పుడు అమ్మకం అసలు రూపం క్లెయిమ్ వేసినప్పుడు బయటపడుతుంది. అప్పు కాగితాలతో పాటు పెట్టించుకున్న సంతకాల్లో ఆరోగ్య ప్రకటన ఒకటి. తనకు గుండె, మూత్రపిండాలు, కాలేయం తదితర వ్యాధులేవీ లేవని సభ్యురాలు ప్రకటించినట్టు అందులో ముందే అచ్చువేసి ఉంటుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాలతో కూడిన ఉద్దానంలో ఈ వాక్యం ఎంత బరువైనదో వేరే చెప్పనక్కర్లేదు. దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఇక్కడ దశాబ్దాలుగా కుటుంబాలకు కుటుంబాలను తినేస్తోంది. దాని కోసమే 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఈ వ్యాధి చాలాకాలం లక్షణాలు లేకుండానే ముదురుతుంది, రక్తంలో క్రియాటినిన్ లాంటి పరీక్షలు చేస్తే గానీ తెలియదు. తెలియని జబ్బును దాచడం ఎవరికీ సాధ్యం కాదు. తెలిసిన జబ్బును కూడా, అడగకుండా, చదివి వినిపించకుండా సంతకం మాత్రమే పెట్టించుకున్నప్పుడు, దాచింది రుణగ్రహీత అనడం అన్యాయం. డయాలసిస్‌లో ఉన్న భర్త పేరిట ప్రీమియం పట్టుకోవడమంటే ఎన్నటికీ చెల్లించనక్కర్లేని బీమాను అమ్మడమే. ఆ అమ్మకాన్ని మొదటిరోజు నుంచే ప్రశ్నించవచ్చు, మరణం కోసం ఎదురుచూడకుండానే సొమ్ము వెనక్కి అడగవచ్చు.

బీమా చట్టం 1938లోని 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు నిండిన జీవిత బీమా పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదు. వినడానికి గొప్ప రక్షణ. కానీ మైక్రోఫైనాన్స్ అప్పులు సాధారణంగా ఏడాదివో రెండేళ్లవో. మూడేళ్లు నిండకముందే ఆ బీమా ముగిసిపోతుంది కాబట్టి ఈ రక్షణ పేదవారి పాలసీని తాకనే తాకదు. అయినా అదే సెక్షన్‌లో మరో మేలు ఉంది. మోసం ఆరోపించకుండా, వివరాలు తప్పుగా చెప్పారన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరిస్తే అప్పటిదాకా కట్టిన ప్రీమియాన్ని 90 రోజుల్లో వాపసు ఇవ్వాలి. మోసమని ఆరోపిస్తే, పాలసీదారు బతికి లేనప్పుడు అది మోసం కాదని చూపే బాధ్యత కుటుంబం మీద పడుతుంది. అందుకే జబ్బు మొదట ఏ తేదీన బయటపడిందో చెప్పే ఆసుపత్రి కాగితాన్ని పారేయకూడదు.

రిజర్వు బ్యాంకు నిబంధనలు మాటవరసకు చెప్పినవి కావు. 2010 అక్టోబరు ఆర్డినెన్సు దాకా వెళ్లిన ఆంధ్రప్రదేశ్ మైక్రోఫైనాన్స్ సంక్షోభం తర్వాత మాలెగాం కమిటీ నియమితమైంది. ఆ కమిటీ సిఫార్సుల మీద 2011 చివర వచ్చిన ఆదేశాలు అప్పు ధరలో వడ్డీ, ప్రాసెసింగ్ రుసుము, బీమా ప్రీమియం తప్ప నాలుగోది ఉండకూడదని, ప్రీమియం కూడా అసలు ఖర్చు మేరకే ఉండాలని చెప్పాయి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన కొత్త చట్రం ఇంకో అడుగు వేసింది. అప్పుతో పాటు ఇచ్చే ఏ ఇతర సేవకైనా రుణగ్రహీత పూర్తి సమ్మతి ఉండాలి, దాని రుసుమును లోన్ కార్డులోనే, ఆమెకు అర్థమయ్యే భాషలో రాయాలి. 2024 అక్టోబరు నుంచి రిటైల్ రుణాలకు, చిన్న సంస్థల రుణాలకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ తప్పనిసరి. బీమా ప్రీమియాన్ని వార్షిక వడ్డీ భారంలో కలిపి చూపాలి, విడిగానూ చూపాలి, రసీదు ఇవ్వాలి. ఇక ఒక సేవ కావాలంటే మరొకటి కొనాల్సిందేనని షరతు పెట్టడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం నిర్వచనంలోనే నిర్బంధ వాణిజ్య విధానం.

న్యాయస్థానాల తీర్పులు కూడా చాలావరకు పాలసీదారు పక్షానే ఉన్నాయి. పాలసీదారుకు తెలియజేయని మినహాయింపును అడ్డుపెట్టుకుని క్లెయిమ్ తిరస్కరించరాదని మోడరన్ ఇన్సులేటర్స్ కేసులో సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. 2022 నవంబరులో టెక్స్‌కో మార్కెటింగ్ కేసులో అదే మాటను మరింత గట్టిగా చెప్పింది. ఇంటి అప్పుతో ముడిపడిన ఒక ఎస్‌బీఐ లైఫ్ పాలసీ కేసులో 2018 ఫిబ్రవరిలో ఇచ్చిన తీర్పు ఈ విషయానికి మరీ దగ్గరిది. ప్రీమియం తీసుకుని, సహేతుకమైన గడువులో తిరస్కరించకుండా అట్టే పెట్టుకున్న సంస్థ, మనిషి చనిపోయాక ప్రతిపాదనను తాము అంగీకరించనేలేదని అనడం కుదరదని ఆ తీర్పు సారాంశం.

పరిహారం అడగడం రాతపూర్వకమైన ప్రశ్నతో మొదలవుతుంది. సమ్మతి పత్రం నకలు, బీమా సర్టిఫికెట్, మాస్టర్ పాలసీ నంబరు, పట్టుకున్న ప్రీమియం వివరాలు ఇవ్వమని అప్పిచ్చిన సంస్థను అడగాలి. సమ్మతి చూపలేకపోతే సగం కేసు అక్కడే తేలిపోతుంది. లోన్ కార్డు, మంజూరు పత్రం, బ్యాంకు స్టేట్‌మెంట్, ఫోన్‌కు వచ్చిన మెసేజ్ సాక్ష్యాలుగా సరిపోతాయి. కోరవలసింది ప్రీమియం ఒక్కటే కాదు. దాని మీద అప్పు లెక్కలో వసూలైన వడ్డీ, సొమ్ము తమ దగ్గర లేకుండా పోయిన కాలానికి వడ్డీ, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు కూడా అడగవచ్చు. సర్టిఫికెట్ అందిన 30 రోజుల్లోపైతే ఫ్రీ లుక్ కింద పాలసీని రద్దు చేసుకోవచ్చు. అప్పు ముందే తీర్చేసినవారు మిగిలిన కాలానికి సరెండర్ విలువ వస్తుందేమో తప్పక అడగాలి. కిస్తీలన్నీ ఒక్కసారే కట్టి బయటపడ్డవారు ఎక్కువగా వదిలేసుకునే సొమ్ము ఇదే.

సంస్థ 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా దారులు మూడున్నాయి. బలవంతపు అమ్మకం, అనుమతి లేని మినహాయింపు లాంటివి బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ తప్పులు కనుక రిజర్వు బ్యాంకు సమీకృత అంబుడ్స్‌మన్‌కు వెళ్లాలి. 2021 నవంబరు 12న మొదలైన ఆ పథకం గ్రామీణ బ్యాంకులకూ వర్తిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లోని పాత గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసినా ఫిర్యాదు హక్కు పోలేదు. ప్రాథమిక సహకార సంఘాలు మాత్రం ఆ పరిధిలోకి రావు. క్లెయిమ్ తిరస్కరణ, షరతులను తప్పుగా చెప్పడం బీమా సంస్థ తప్పులైతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. గ్రూప్ పాలసీ సభ్యులూ అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, వీడియోలో విచారణకూ వీలుంది. తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి.

రెండు సంస్థలూ తప్పును ఒకదాని మీద మరొకటి నెట్టుకుంటుంటే జిల్లా వినియోగదారుల కమిషనే సరైన చోటు, ఎందుకంటే ఇద్దరినీ ఒకే ఫిర్యాదులో ప్రతివాదులుగా చేర్చవచ్చు. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ కమిషన్లు ఉన్నాయి. కంపెనీ ముంబైలో ఉన్నా ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షలలోపైతే రుసుము ఉండదు. కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంది. ఒకే విషయం మీద ఒకేసారి రెండు చోట్లకు వెళ్లడం కుదరదు. వీటిలో దేనికీ దళారీ అక్కర్లేదు. బీమా నియంత్రణ సంస్థ నుంచి మాట్లాడుతున్నామని, ముందు కొంత కడితే పాలసీ సొమ్ము వస్తుందని ఫోన్ చేసేవారంతా మోసగాళ్లే.

ఇన్ని దారులున్నా నడిచేవారు కొద్దిమందే, కారణం కళ్లెదుటే ఉంది. 1,800 రూపాయల కోసం కూలి మానుకుని పలాస నుంచి శ్రీకాకుళానికి పదిసార్లు తిరగడం ఎవరికీ గిట్టుబాటు కాదు. వలస కుటుంబాలు పనికోసం విశాఖకో హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్లి ఉంటాయి. ఫిర్యాదు చేసినవారికే న్యాయం అనే పద్ధతిలో, వేల మంది దగ్గర తలా కొంచెం పట్టుకున్న సంస్థకు పోయేదేమీ ఉండదు.

ఈ ముడిని బ్రిటన్ వేరే విధంగా విప్పింది. అక్కడ పేమెంట్ ప్రొటెక్షన్ ఇన్సూరెన్స్ పేరిట ఇదే దందా దశాబ్దాలు సాగింది. తప్పుల మూలాన్ని వెతికి, ఫిర్యాదు చేయని ఖాతాదారుల సంగతి కూడా చూడాలని నియంత్రణ సంస్థ 2010లో నిబంధన పెట్టింది. బ్యాంకులు కోర్టుకెక్కి 2011 ఏప్రిల్‌లో ఓడిపోయాయి. ప్రీమియం, దాని మీద పడిన వడ్డీ, ఆ పైన ఏడాదికి 8 శాతం సాధారణ వడ్డీ తిరిగి ఇచ్చారు. 2014లో ప్లెవిన్ కేసులో ప్రీమియంలో 71.8 శాతం కమిషన్‌గా పోయిందని తేలాక, చెప్పకుండా తీసుకున్న కమిషనే అన్యాయమని అక్కడి సుప్రీంకోర్టు నిర్ధారించింది. ఫిర్యాదులకు చివరి తేదీ 2019 ఆగస్టు 29. తిరిగి ఇచ్చిన మొత్తం 3,800 కోట్ల పౌండ్లకు పైమాటే.

భారతదేశంలో కమిషన్ సంగతి ఇంకా చీకట్లోనే ఉంది. 2023 ఏప్రిల్ నుంచి పాలసీల వారీ కమిషన్ పరిమితులు పోయి, బీమా సంస్థ మొత్తం ఖర్చుకు మాత్రమే హద్దు మిగిలింది. తన ప్రీమియంలో అప్పిచ్చిన సంస్థకు ఎంత ముట్టిందో సెంటర్ మీటింగులో కూర్చున్న మహిళకు ఎవరూ చెప్పరు. చెబితే ఆమె ఆ బీమా తీసుకునేదో కాదో ఆమే తేల్చుకునేది.

రికార్డులన్నీ సంస్థల దగ్గరే ఉన్నాయి. ఏ ఖాతాలో ప్రీమియం పడిందో, ఏ ఖాతాకు సమ్మతి పత్రం లేదో, ఏ సభ్యురాలి మరణం తర్వాత క్లెయిమ్ వేయకుండానే బాకీ వసూలైందో వారి కంప్యూటర్లు నిమిషాల్లో చూపిస్తాయి. వెతికే భారం వారి మీద పెట్టాలి. దానికి రిజర్వు బ్యాంకు, బీమా నియంత్రణ సంస్థ కలిసి ఆదేశించాలి. అంతవరకు ఆగకుండా జిల్లా స్థాయిలో మొదలుపెట్టగలిగినది ఒకటుంది. కలెక్టరు అధ్యక్షతన మూడు నెలలకోసారి జరిగే జిల్లా సంప్రదింపుల కమిటీలో బ్యాంకులు రుణ లక్ష్యాల అంకెలు చెబుతాయి. అవే బ్యాంకులు శాఖల వారీగా వసూలైన రుణ బీమా ప్రీమియం, వచ్చిన క్లెయిములు, చెల్లించినవి, తిరస్కరించినవి, తిరస్కరణకు కారణాలు కూడా అక్కడ చెప్పాలి. ఉద్దానం మండలాల అంకెలను విడిగా చూపాలి. ఫైనాన్స్ కంపెనీల నుంచి కూడా ఇవే వివరాలు తెప్పించాలి. డ్వాక్రా సంఘాల బీమా క్లెయిములకు ఒకప్పుడు ఇంటింటికీ తిరిగిన బీమా మిత్రల అనుభవం ఈ జిల్లాల్లో ఉంది. మరణించిన సభ్యుల జాబితాను లోన్ కార్డులతో సరిపోల్చే పనిని గ్రామ సమాఖ్యలకు అప్పగిస్తే, వేయకుండా మిగిలిపోయిన క్లెయిములు ముందుగా బయటపడతాయి.