ఏడాది నడుమ మారే విద్యుత్ చార్జీలు – భారీ పరిశ్రమలపై ప్రభావం

అనంతపురం: వార్షిక సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే గల అనంతపురం పీఠభూమిలో సేద్యానికి బోరుబావులు, ఉపాధికి పరిశ్రమలు ఆధారం. ఈ రెండింటికీ విద్యుత్తే ప్రాణం. తాడిపత్రి ప్రాంతపు సిమెంటు, ఉక్కు కర్మాగారాల వంటి హెచ్‌టీ వినియోగదారులకు ఏప్రిల్‌లో అమలులోకి వచ్చే టారిఫ్ తుది లెక్క కాదు. ఏడాది నడుమ జరిగే సర్దుబాట్లు వారి ఉత్పత్తి వ్యయాన్ని మార్చివేస్తున్నాయి.

స్తంభాలు, తీగలు, సబ్‌స్టేషన్ల నిర్మాణ, నిర్వహణ వ్యయాన్ని రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఐదేళ్లకు ముందుగా అంచనా వేసి ఆమోదిస్తుంది. గడువు ముగిసిన పిమ్మట వాస్తవ వ్యయంతో సరిచూసి, తేడాను రాబట్టడమో, తిరిగి చెల్లించడమో జరుగుతుంది. వీటినే ట్రూ-అప్, ట్రూ-డౌన్ అని వ్యవహరిస్తారు.

2014-19 కాలపు నెట్‌వర్క్ వ్యయానికి సంబంధించి సుమారు రూ.3,669 కోట్ల వసూలుకు అనుమతి లభించగా, 2021 సెప్టెంబరు బిల్లులలో ఆ భారం కనిపించింది. అయితే బహిరంగ ప్రకటన విషయంలో లోపం వెలుగు చూడడంతో మండలి ఆ ఉత్తర్వును ఉపసంహరించి, తిరిగి విచారణ జరిపింది. 2022 మార్చిలో ఆ మొత్తం సుమారు రూ.2,910 కోట్లకు తగ్గింది. 2022 ఆగస్టు నుండి వసూలు చేయడానికి నిర్ణయమైంది. అనంతపురానికి విద్యుత్ సరఫరా చేసే దక్షిణ ప్రాంత పంపిణీ సంస్థ పరిధిలో ఇది 36 నెలల పాటు యూనిట్‌కు 22 పైసల పైచిలుకుగా నిర్ణయమైంది. అనగా 10 లక్షల యూనిట్లకు రూ.2.2 లక్షలకు పైగా అదనపు భారం. ఎన్నడో అమ్ముడుపోయిన సరుకుపై ఈ భారాన్ని ఏ కొనుగోలుదారుడూ భరించడు.

ఇంధన, విద్యుత్ కొనుగోలు వ్యయ సర్దుబాటు వేరు. 2023 నుండి యూనిట్‌కు 40 పైసల వరకు నెలనెలా వసూలుకు వీలు కలిగింది. 2024-25కు అధికంగా వసూలైన సుమారు రూ.923 కోట్లను యూనిట్‌కు 13 పైసల చొప్పున 2025 నవంబరు నుండి 12 నెలలలో తగ్గించవలసిందిగా మండలి ఆదేశించింది. కావున సర్దుబాటు ఎల్లప్పుడూ పెంపే కాదు.

2021 నాటి అనుభవం చాటిన సత్యం ఒక్కటే: బహిరంగ ప్రకటన, విచారణ లాంఛనాలు కావు. నిర్ణీత గడువులో అభ్యంతరాలు తెలుపుకోవడం పరిశ్రమలకే గాక సామాన్య వినియోగదారులకూ శ్రేయస్కరం.