పసిచేతికి తుపాకి - ఎవరి కోరిక?

మొన్న వేసవిలో విడవలూరులో పొదుపు సంఘాల సమావేశం ముగించుకుని లేస్తుండగా ఒక సభ్యురాలు నన్ను పక్కకు పిలిచింది. "అక్కా, మా పిల్లోడికి ఆరేళ్ళు. తుపాకి కాల్చడం నేర్పిస్తారంట, చేర్పించాలని మా ఆయన పట్టుబట్టుకోనుండాడు. పాపకి తొమ్మిదేళ్ళు. దానికెందుకంటుండాడు. ఇద్దర్నీ పంపమని కొట్లాడాలా, ఎవుర్నీ పంపొద్దనాలా?" అని అడిగింది.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మగపిల్లవాడికి ఇచ్చినదేదైనా ఆడపిల్లకీ ఇవ్వాలని మనం ఏళ్ళ తరబడి అంటున్నాం. మరోపక్క హింసకు వ్యతిరేకంగానూ పనిచేస్తున్నాం. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురుపడే చోట మన వైఖరి ఏమిటి? దీన్ని మనం ఎప్పుడూ కూర్చుని చర్చించుకోలేదు.

మన తిరునాళ్ళలో బుడగలు కాల్చే కొట్టు దగ్గర కాసేపు నిలబడి చూడండి. తండ్రి కొడుకును ఎత్తుకుని ఎయిర్‌గన్ మడమ వాడి భుజానికి ఆనిస్తాడు. బుడగ పగిలితే చుట్టూ ఉన్న మగవాళ్ళు చప్పట్లు కొడతారు. అక్క పక్కనే తమ్ముడి చెప్పులు, జీళ్ళ పొట్లం పట్టుకుని నిలబడుతుంది. దీపావళి తుపాకి దగ్గర్నుంచీ జరిగే తంతే ఇది. అక్కడ నేర్పేది ఆట కాదు, మగతనం. ఆడపిల్లకు నేర్పేది ఆ మగతనానికి ప్రేక్షకురాలిగా ఉండటం.

అయితే షూటింగ్‌ను క్రీడగా చూస్తే సంగతి వేరు. అందులో కండబలం కన్నా నిలకడ, ఊపిరి మీద అదుపు ముఖ్యం. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో లక్ష్యం మధ్యనుండే పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో స్త్రీపురుషులు కలిసి పాల్గొన్న స్కీట్ పోటీలో చైనాకు చెందిన జాంగ్ షాన్ స్వర్ణం గెలిచింది. ఆ తర్వాత స్త్రీలను ఆ పోటీ నుంచి తప్పించారు. 1996లో వాళ్ళకు స్కీటే లేదు. 2000లో గాని స్త్రీలకు విడిగా పోటీ పెట్టలేదు. స్త్రీ గెలిచాక ఆట నియమాలే మారిపోవడం మనకు కొత్త సంగతేమీ కాదు.

మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ తొమ్మిదేళ్ళ వయసులో పిస్తోలు పట్టింది. 2018లో పదమూడేళ్ళకే సీనియర్ విభాగంలో జాతీయ చాంపియన్ అయింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. 2024 పారిస్‌లో మనూ భాకర్ రెండు కాంస్యాలు గెలిచి, షూటింగ్‌లో ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయింది. వీళ్ళను చూసి గర్వపడని ఆడమనిషి ఉండదు. కాని దిగుమతి చేసుకున్న పోటీ పిస్తోలు ధర లక్ష రూపాయలు దాటుతుంది. వరి నాట్ల కూలితో, రొయ్యల షెడ్లలో పనితో బతికే ఇంట్లో ఆ డబ్బు సమకూడితే అది ఏ బిడ్డకు ఖర్చవుతుందో మనకు తెలుసు.

మరో ఉదాహరణ. 2015లో విజయవాడలో మూడేళ్ళయినా నిండని ఒక పాప చేత విల్లు పట్టించి, ఐదు మీటర్ల దూరం నుంచి 36, ఏడు మీటర్ల నుంచి 36 బాణాలు వేయించారు. 388 పాయింట్లు వచ్చాయని, రికార్డని పత్రికలు రాశాయి. ఆ పాప పేరు నేను ఇక్కడ రాయను. ఆ వయసు బిడ్డ తన పేరు పత్రికకెక్కడానికి ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. ఆడపిల్లను ఇంత మురిపెంగా ముందుకు తెచ్చారు కదా అని మనం సంతోషించవచ్చు. కాని ఆ కోరిక ఎవరిది?

తుపాకి విషయంలో ఈ ప్రశ్న ఇంకా బరువైనది. 2014 ఆగస్టులో అమెరికాలోని అరిజోనాలో తొమ్మిదేళ్ళ అమ్మాయికి ఆటోమేటిక్ తుపాకి ఇచ్చారు. అది ఎగదన్నేసరికి ఆమె అదుపు తప్పి, నేర్పుతున్న మనిషే గుండు తగిలి చనిపోయాడు. ఎయిర్‌గన్ అంత ప్రమాదకరం కాదంటారు. నిజమే. కాని కన్ను పోవడానికి అది చాలు. దాని గుళ్ళు ఎక్కువగా సీసంతో చేసినవి. సీసం పసిపిల్లల మెదడుకు చేటని, దానికి 'ఇంతవరకు ఫరవాలేదు' అనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సాధనకని కొన్న తుపాకి బీరువా మీద ఉన్న ఇంట్లో, రాత్రి తాగివచ్చిన మనిషి చేయి దేనిమీదికి పోతుందో సంఘాల్లో పనిచేసేవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు.

మన ఆయుధ చట్టం 1959 ప్రకారం 21 ఏళ్ళు నిండనివారికి తుపాకి లైసెన్సు ఇవ్వరు. శిక్షణకు మాత్రం నియమాలకు లోబడి మినహాయింపు ఉంది. భారతదేశం 1992లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం ఆడుకునే హక్కును గుర్తిస్తుంది. 29వ అధికరణం బిడ్డను శాంతి, సహనం, స్త్రీపురుష సమానత్వం అనే భావాలతో పెంచమంటుంది. 12వ అధికరణం బిడ్డ తన అభిప్రాయం చెప్పే హక్కును గుర్తిస్తుంది. ఈ మూడింటినీ కలిపి చదవాలి.

ఇంకొక బిడ్డను కూడా మరిచిపోకూడదు. ఈ తీరంలో యానాది పిల్లలు ఉండేలుతో గురి చూసి కొడతారు. శిక్షకుడు లేడు, లక్షల ఖర్చు లేదు. కాని దాన్ని క్రీడ అనరు, అల్లరి అంటారు. యానాదుల్లో కొందరిని బ్రిటిష్ పాలన నేరస్త తెగల చట్టం కింద చేర్చింది. 1952లో ఆ చట్టం పోయినా ఆ చూపు పూర్తిగా పోలేదు. ఒకరి బిడ్డ చేతిలోది క్రీడాపరికరం, మరొకరి బిడ్డ చేతిలోది అనుమానం. ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి ఆయుధానికి పేరు మారుతోంది.

నా అభిప్రాయం ఇది. పసిపిల్లలకు, ఆడైనా మగైనా, తుపాకి వద్దు. గురి, నిలకడ నేర్పడానికి గోళీలున్నాయి, బంతి ఉంది. పదీ పన్నెండేళ్ళు దాటాక బిడ్డ తానుగా అడిగితే, భద్రత గల శిక్షణ కేంద్రంలో, తుపాకి అక్కడే దాచి, నేర్పాలి. ఆ కేంద్రాలను ప్రభుత్వం నడపాలి, శిక్షకుల్లో స్త్రీలుండాలి, యానాది పిల్లలకూ అక్కడ చోటుండాలి. అప్పుడే సమానత్వం అన్న మాటకు అర్థం. అన్న చేతిలోని తుపాకిని చెల్లెలికీ ఇచ్చేసి సమానత్వం వచ్చిందనుకోవడం మనల్ని మనం మోసగించుకోవడమే.

ఈ జిల్లా ఆడవాళ్ళు 1992లో సారా దుకాణాలు మూయించడానికి తుపాకులు పట్టలేదు. చీపుర్లు, కారం, అన్నిటికన్నా ముఖ్యంగా సంఘం - వాళ్ళకున్నవి అవే. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ధైర్యం ఆయుధంలోంచి రాదని ఆ తల్లుల బిడ్డలకు వేరే ఎవరో చెప్పాలా?

పోయిన నెల మళ్ళీ విడవలూరు వెళ్ళినప్పుడు ఆమెతో ఇదంతా మాట్లాడాను. శ్రద్ధగా విన్నది. "సరే, ఇంతకీ పాపనడిగావా, దానికేం కావాలో?" అన్నాను. కాసేపు ఆగి, "లేదక్కా, దాన్నెవురూ అడగలా" అంది.

మన సంఘాల్లో చర్చ అక్కడినుంచే మొదలుపెడదాం.