ఆరు దినములు మూసియుండు మందిరము

ఆదివారము ఉదయమున గంట మ్రోగును, తలుపులు తెరువబడును. ఆరాధన ముగిసిన వెంటనే సంఘపు పెద్ద తాళము వేసి యింటికి పోవును. మరల ఆదివారము వచ్చువరకు ఆ విశాలమైన కప్పు క్రింద గబ్బిలములు తప్ప వేరెవ్వరును ఉండరు. ఆ గోడ కావలనే, ఇరుకైన లైను గదులలో, పిల్లలు పాఠము చదువుకొనుటకు చోటు లేదు. ముదుసలులు నలుగురితో కూర్చుండుటకు చోటు లేదు. స్త్రీలు కుట్టుపని నేర్చుకొనుటకు చోటు లేదు. యౌవనులు పని వెదకుకొనుచు పట్టణములకు పోయిన కొలది మందిరమున బల్లలు ఖాళీ యగుచున్నవి, కప్పు కారుచున్నది, మరమ్మతునకు కానుకలు చాలకున్నవి.

ఇట్టి మందిరమును అమ్మివేయుట మేలని కొందరందురు. పవిత్రస్థలమున లోకవ్యవహారములు తగవనియు, మూసియుంచుటయే గౌరవమనియు మరికొందరందురు. అమ్మిన మందిరము మరల రాదు. మూసిన మందిరము నిలువదు. గాలి వెలుతురు లేని దూలములకు చెదలు పట్టును. పగిలిన పెంకును కనిపెట్టువాడుండడు. కావున మూడవ మార్గమొకటి యోచింపదగినది. ఆరాధనను నిలుపుకొనుచునే, మిగిలిన ఆరు దినములు మందిరమును ఇరుగుపొరుగువారి మేలుకొరకు తెరచుటయే ఆ మార్గము.

దీనిచే పవిత్రత చెడునను భయము పూర్వులకు లేకుండెను. మధ్యయుగములందు ఇంగ్లాండు గ్రామములలో మందిరపు తూర్పుభాగమును బాగుచేయు భారము గురువుది. జనులు నిలుచు పెద్దశాలను బాగుచేయు భారము గ్రామస్థులది. గ్రామపు సభలును విందులును ఆ శాలలో జరుగుచుండెడివి. వాడుకొనువారే కాపాడుదురను న్యాయము ఇందు స్పష్టముగా కనబడుచున్నది.

ఆ దేశముననే బోల్టను పట్టణమందలి ఆల్ సోల్సు దేవాలయము నూలు మిల్లుల యజమాని ధనముతో, మిల్లు పనివారి వీధుల నడుమ కట్టబడి, 1881లో ప్రతిష్ఠింపబడెను. కాలక్రమమున భారతదేశమునుండియు పాకిస్థానమునుండియు వచ్చిన కుటుంబములు ఆ వీధులలో కాపురముండెను. వారిలో పెక్కురు మహమ్మదీయులు. 1986లో అచ్చట ఆరాధన నిలిచిపోయెను. పిమ్మట పాతగోడలకు చెరుపు కలుగకుండ లోపల క్రొత్త గదులు నిలిపి, 2014లో దానిని సర్వజనుల కూటస్థలముగా తెరచిరి. అన్యమతస్థులైన పొరుగువారికిని అందు పాలు కలిగెను.

దక్షిణాఫ్రికాలోని దృష్టాంతము తోట కుటుంబములకు మరింత దగ్గరైనది. కేప్ టౌను పట్టణమందలి డిస్ట్రిక్ట్ సిక్స్ అను పేటను 1966లో ప్రభుత్వము తెల్లవారికే ప్రత్యేకించెను. సుమారు 60,000 మంది తమ యిండ్లనుండి వెడలగొట్టబడిరి, ఇండ్లు కూల్చబడెను. ఆ పేట అంచున మెథడిస్టు మందిరమొకటి నిలిచియుండెను. 1994లో అది పేటవారి జ్ఞాపకశాల యాయెను. నేలమీద పాత వీధుల పెద్దపటము పరచిరి. వెడలగొట్టబడినవారు వచ్చి, తమ యిల్లుండిన చోట తమ పేరు వ్రాసిరి. ఇల్లు పోయినవారికి పేరు వ్రాసికొను చోటైనను ఆ మందిరము ఇచ్చెను.

ఇట్టి దుఃఖము నేటాలు తెలుగువారు ఎరుగనిది కాదు. 1860లో మద్రాసునుండి మొదటి కూలీల ఓడ దర్బాను చేరెను. 1903లో జాన్ రంగయ్యగారు కియర్స్నీ తేయాకు తోటలో తెలుగు బాప్తిస్టు సంఘమును కూర్చిరి. 1911లో ఒప్పందపు కూలీల రాక నిలిచెను. తోటల జనులు క్రమముగా పట్టణములకు తరలిరి. జాతులకు వేరువేరు నివాసములు విధించిన 1950వ సంవత్సరపు చట్టము పెక్కు కుటుంబములను మరల కదల్చెను. జనులు కదలుదురు, గోడలు కదలవు. ఏ తాత ఏ ఓడలో వచ్చెనో, ఏ తోటలో చెమటోడ్చెనో వ్రాసియుంచుటకు మందిరముకంటె తగిన చోటేది?

అయితే తలుపు తెరచినంతమాత్రమున పని ముగియదు. తాళపుచెవి ఒక్కని నడుమున వ్రేలాడునంత కాలము ఏ యేర్పాటును సాగదు. సంఘపు పెద్దలతోపాటు స్త్రీలును, యౌవనులును, అన్యమతస్థులైన పొరుగువారును గల చిన్న సభ యొకటి ఉండవలెను. బల్ల యుండు తూర్పుభాగమును తెరతో వేరుపరచి, ఆరాధనకే ఉంచవలెను. సారాయికిని, జూదమునకును, ఎన్నికల కొట్లాటలకును తావియ్యరాదు. పిల్లల చదువునకు రుసుము వద్దు. పెండ్లి విందులకు కొంత రుసుము తీసికొని, దానిని వేరు లెక్కపుస్తకమున వ్రాసి, కప్పు మరమ్మతునకే వినియోగింపవలెను. ఆ లెక్కను ఏటేట అందరియెదుట చదువవలెను. దీపములకును శుభ్రతకును దినదినము అగు వ్యయమును ముందుగా ఎంచుకొనని సంఘము ఎంత ధనము కూర్చినను అలసిపోవును.

గొప్ప ధనము చేతికి వచ్చువరకు వేచియుండ నక్కరలేదు. వారమునకొక సాయంకాలము తలుపు తెరచి, దీపము వెలిగించి, లైనులలోని పిల్లలందరిని, వారు ఏ మతమువారైనను, పుస్తకములతో లోనికి రానిచ్చినచో మొదలు పెట్టినట్లే. ఆ పిల్లలు పెద్దవారై నప్పుడు కప్పు కారుచున్నదని విన్నచో, అది తమ యింటి కప్పే యని యెంచి నిచ్చెన తెత్తురు.