పిత్తాశయం తీశారని దిగులు వద్దు, పసరు అసలే వద్దు



కాలేయానికి ఆపరేషన్ చేయించుకొని ఉరుకుంద, కోసిగి వైపు ఊళ్ళకు తిరిగి వచ్చినవారు మమ్మల్ని ఒకే మాట అడుగుతారు: "సిస్టరమ్మా, పిత్తాశయం కూడా తీసేసినారంట, ఇంక తిన్నది అరుగుతుందా?"

అరుగుతుంది. పైత్యరసాన్ని తయారుచేసేది కాలేయం. పిత్తాశయం దాన్ని నిలువ ఉంచే చిన్న సంచి మాత్రమే. కాలేయం కుడిభాగం తీసేటప్పుడు దాని అడుగున అంటుకొని ఉండే ఈ సంచిని కూడా తీస్తారు. ఆ తరువాత రసం నేరుగా ప్రేగులోకి చేరుతుంది. కొన్ని వారాలు ఉగ్గానితో మిరపకాయ బజ్జీలు మానండి. కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు తినండి. కొందరికి విరేచనాలు పలుచగా అవుతాయి. చాలామందికి క్రమంగా సర్దుకుంటుంది.

మా భయం వేరు. ఆపరేషన్ అయినవారికి కళ్ళు పచ్చబడితే, కామెర్లని పసరు పోయించి నాలుగు రోజులు చూద్దామంటారు. ఇది తప్పని మా గట్టి అభిప్రాయం. పైత్యనాళం మూసుకుపోయి ఉండవచ్చు. పసరు దాన్ని తెరవలేదు. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, మలం తెల్లబడినా, చలిజ్వరం వచ్చినా, కుడి డొక్కలో నొప్పి లేచినా ఆ రోజే డిశ్చార్జి కాగితాలతో ఆసుపత్రికి రండి.

ప్రార్థన మానవద్దు, ప్రయాణం ఆపవద్దు. దేవుడు మిమ్మును దీవించును గాక.